నారాయణగూడ కోతులు, నా ఐదు సున్నాలు

పోయిన నెలలో అంజని మా ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ శకుంతల గారు పోయి అప్పటికి నలభై రోజులైంది. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, చేతిసంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా ముందుకు జరిపింది. "అమ్మ బీరువాలో దొరికింది అంకుల్. రాత మీదేననిపించి తెచ్చాను" అంది. పాత గళ్ళ పుస్తకం. పాలిటెక్నిక్‌లో మేం సర్వే కొలతలు రాసుకునే రకం. నీలం అట్ట, మూలలు అరిగి గుండ్రబడ్డాయి. తెరవకముందే నాకు వాసన వచ్చింది. కాగితం నుంచి వచ్చిందో నా బుర్రలోంచి వచ్చిందో చెప్పలేను గాని, అది మాగిపోయిన అరటిపళ్ళది, తడి గోనెసంచులది, దూరంగా మరుగుతున్న ఇరానీ చాయ్‌ది. నారాయణగూడ మార్కెట్‌కి పొద్దున్న తొమ్మిదింటికి ఉండే వాసన. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఉండేది. ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా పుస్తకాన్ని చాలాసేపు తెరవలేదు. అట్ట మీద చెయ్యి పెట్టుకుని, పరీక్షా ఫలితాలు చూడబోయే కుర్రాడిలా కూర్చున్నాను.

అప్పుడు మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. రాష్ట్రం కలిసిన కొత్తల్లో నాన్న గుడివాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నారు. వీధి వైపు రెండు గదులు మాకు కిరాయికి, వెనక పెద్ద భాగం ఇంటివాళ్ళది. మధ్యలో బండలు పరిచిన వాకిలి, దాంట్లో ఒక కుళాయి, కుళాయి పక్కన నర్సమ్మ గారి రుబ్బురోలు. నర్సమ్మ గారు ఇంటి యజమానురాలు, అరవై దాటిన మనిషి, ఆకూవక్కా నములుతూ రోజంతా వాకిట్లోనే ఉండేది. ఆమె కోడలు శకుంతల గారు మహిళా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేవారు. కొడుకు రైల్వేలో కాజీపేటలో పని చేస్తూ శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారుజామున వెళ్ళేవాడు. పొద్దున్న మా వంటింట్లోంచి డికాక్షన్ వాసన, వాళ్ళ వంటింట్లోంచి జొన్నరొట్టె కాలే వాసన వాకిట్లో కలిసేవి. మా అమ్మ పంపిన పెసరట్టు వాళ్ళింట్లో, నర్సమ్మ గారి పచ్చిపులుసు మా ఇంట్లో తరచు కనబడేవి. నాకు జాబితాలు రాయడం జబ్బులాంటిది. కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్ని బిందెలకు ఆగింది, నాన్న సైకిల్ చక్రానికి ఎన్ని పంపులు పట్టాయి, అన్నీ తలుపు వెనక సుద్దతో రాసేవాణ్ణి. "వీడికి పెళ్ళయితే పెళ్ళాం తుమ్ములు కూడా లెక్క రాస్తాడు" అని అమ్మ నర్సమ్మ గారితో అని నవ్వేది.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా కదిలింది. కాలేజీలు మూతబడ్డాయి. రోజూ ఊరేగింపులు, బంద్‌లు. మాది ఆంధ్ర వైపు కుటుంబం గనక అమ్మకు భయంగా ఉండేది. నర్సమ్మ గారు మాత్రం మొదటి రోజే మా గుమ్మంలో నిలబడి, "మా ఇంట్ల ఉన్నోళ్ళు మావోళ్ళే. గడప దాటినంక మాత్రం జర నోరు జాగ్రత్త పిలగా, నీ మాటనే నీ పత్తా చెప్తది" అంది. నేను సివిల్ డిప్లొమా రెండో ఏడు. థియోడలైట్ లేదు, గొలుసు లేదు, కొలవడానికి ఏమీ లేదు. మూడు వారాల్లో వాకిట్లో బండలు నాలుగుసార్లు కొలిచాను.

శకుంతల గారు నన్ను పిలిచింది అప్పుడే. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆమెకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మంచం కాళ్ళకింద ఒకవైపు ఇటుకలు పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకుని ఉండేవారు. నర్సమ్మ గారు పిండి జల్లించడానికి వాకిట్లోకి పోయిన సమయం చూసి, గొంతు తగ్గించి చెప్పారు. రెండేళ్ళుగా ఆమె రెండు కోతుల గుంపుల్ని చూస్తున్నారట. ఒకటి ఊరి బయట రాళ్ళగుట్ట మీద, ఇంకొకటి నారాయణగూడ మార్కెట్లో. రెండూ ఒకే జాతి, నడినెత్తిన పాపిట తీసి టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండే పొడుగు తోకవి. అయినా రెండు గుంపుల కాపరం వేరు. గుట్ట మీదివి పది పన్నెండుకు మించవు. అక్కడ తిండి చెదిరి ఉంటుంది, ఇక్కడో పండు, అక్కడో చిగురు, దాని కోసం రోజంతా నడవాలి. పిల్లలు అన్నీ ఎండాకాలం ముందు, కొద్ది వారాల తేడాలో పుడతాయి. ఈ ఏడు కన్న తల్లి వచ్చే ఏడు చాలావరకు ఒట్టి ఒడితోనే కనబడుతుంది. మార్కెట్లో తిండి కుప్పగా ఉంటుంది. మచ్చల అరటిగెలలు, కుళ్ళిన టమాటాలు, శనివారం శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పి జనం పెట్టే శనగలూ కొబ్బరిముక్కలూ. అక్కడ నలభై కోతులు ఒక్క గుంపుగా ఉంటాయి. అవే తల్లులు ఏటేటా కంటాయి, వానాకాలంలో కూడా పిల్లలు పుడతాయి.

"గుంపు ఎంత ఉండాల్నో కోతులు అనుకోవు మూర్తీ. తిండి పడి ఉన్న తీరును బట్టి ఉంటది. అట్లనే పిల్లలెప్పుడు పుట్టాల్నో కూడ" అన్నారు. పడుకున్న మనిషి కళ్ళు అంత వెలగడం నేను ముందెప్పుడూ చూడలేదు. "రెండేళ్ళు సరిపోవంటున్నరు మా ప్రొఫెసర్ సాబ్. మూడో ఏడు పిల్లల లెక్క కూడా ఉంటేనే థీసిస్ తీసుకుంటరట. గుట్ట సంగతి మీ అన్న కాజీపేట నుంచి వచ్చినప్పుడు ఆదివారాలు చూస్తనన్నడు. మార్కెట్‌కి ఎవరూ లేరు. ఈ సీజన్ పోతే నాకు మళ్ళ రాదు. చంకల పిల్లతోని నన్నెవరు పోనిస్తరు?"

ఆమె ఇంకొక్క మాట మాత్రమే అడిగారు. కోతి అన్న పేరు ఇంట్లో ఎత్తకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు కోతిని చూస్తే బిడ్డకు ఆ పోలిక వస్తుందని నర్సమ్మ గారి నమ్మకం. వడియాల దగ్గర కోతులతో ఆవిడకు పాత పగ కూడా ఉంది. కిటికీకి దుప్పటి కట్టేసింది. ఆ జంతువు పేరే ఇంట్లో నిషేధం. ఎప్పుడైనా తప్పక ఎత్తాల్సి వస్తే "అవ్వి" అనేది. అందుకని నేను లెక్క చిన్న కాగితం మీద రాసి, మధ్యాహ్నం నాన్న చదివేసిన పేపర్లో మడిచి లోపలికి ఇచ్చేవాణ్ణి. శకుంతల గారు పేపర్ అడ్డం పెట్టుకుని చదివేవారు. మర్నాడు ఆ పేపర్లోనే ప్రశ్నలు వచ్చేవి.

ఆ పనిని నేను సర్వే పనిలాగే మొదలుపెట్టాను. ఒక్కో కోతికి ఒక్కో నంబరు, గుర్తుపట్టే మచ్చ, అలవాటు. ఒకటో నంబరు, పెద్ద మగది, పై పెదవి చీలింది. రెండోది దాని స్నేహితుడు, తోక చివర విరిగింది. ఈ ఇద్దరూ పోట్లాడుకుంటారని ఎదురుచూస్తే, పొద్దున్నే రేకుల కప్పు మీద కలుసుకుని పాత మిత్రుల్లా కౌగిలించుకునేవి! నాలుగో నంబరు ఆడది, ఎడమ చెవి సగం లేదు, నిండు చూలాలు. మా సర్వే మాస్టారికి ఒకటే సూత్రం, పరికరం ఒకసారి నిలబెట్టాక కొలతలు పూర్తయ్యేదాకా కదపకూడదు. నేను మార్కెట్ ఎదురుగా మూతబడ్డ సైకిల్ షాపు అరుగు మీద నిలబడ్డాను. పొద్దున్న తొమ్మిది నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర. నలభై ఒకటి. మర్నాడు నలభై ఒకటి. ఆ మర్నాడు కూడా నలభై ఒకటి వచ్చినప్పుడు, నా జీవితంలో మొదటిసారి ఒక జాబితా నన్ను చూసి కదులుతున్నట్టు అనిపించింది.

మొదటి పిల్లను చూసిన పొద్దు ఇప్పటికీ చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంది. పదకొండో నంబరు గోనెసంచుల గుట్ట మీద కూర్చుని పొట్ట దగ్గర ఏదో నాకుతోంది. నల్లటి జుట్టు, ముడతలు పడ్డ పాలిపోయిన ముఖం, నా బొటనవేలంత చెయ్యి. ఆ చెయ్యి తల్లి వెంట్రుకల్ని పట్టుకుని ఉంది. చుట్టూ మిగతా ఆడవి చేరి తొంగిచూస్తున్నాయి, ఒకటి వేలు చాపి ముట్టుకోబోతే తల్లి పక్కకు తిరిగింది. నేను అరుగు మీంచి దూకి, చిక్కడపల్లి దాకా పరుగెత్తాను. ఇంటికొచ్చాక గట్టిగా అరవడానికి లేదు. వాకిట్లో నర్సమ్మ గారు మిరపకాయలు తొడిమలు తీస్తోంది. ఆయాసపడుతూ పేపర్ లోపలికి ఇచ్చాను. పేపర్ పైనుంచి రెండు కళ్ళు మాత్రం కనబడ్డాయి. అవి నవ్వి, తడిసి, మళ్ళీ నవ్వాయి. ఆ పూట ఆమె రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారని నర్సమ్మ గారు మా అమ్మతో చెప్పుకుని మురిసిపోయింది.

అలా నాలుగు పిల్లలు పుట్టేదాకా నడిచింది. తర్వాత బంద్‌లు ముదిరాయి. మార్కెట్ మొదట ఒక రోజు, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా మూతబడింది. మొదటి రోజు కోతులు మూసిన తలుపుల మీద వరుసగా కూర్చుని రోడ్డు వైపు చూశాయి, సినిమా హాలు తెరవలేదని నిలబడ్డ జనంలా. రేకులు బాదాయి. ఒకటో నంబరు, రెండో నంబరు ఒక ఎండిన అరటితొక్క కోసం కొట్టుకోవడం అప్పుడే మొదటిసారి చూశాను. నలభై ఒకటి పుట్టిన పిల్లలతో నలభై ఐదైంది గదా, అది ముప్పై ఎనిమిది అయింది, ఇరవై రెండైంది, తొమ్మిదైంది. ఒక పొద్దున తొమ్మిదింటికి వెళితే రేకుల మీద ఎండ తప్ప ఏమీ లేదు. గంటసేపు నిలబడ్డాను. సాయంత్రం మళ్ళీ నిలబడ్డాను. గడిలో సున్నా వేశాను. మర్నాడు సున్నా. అలా ఐదు రోజులు, వేళ తప్పకుండా వెళ్ళి, అదే అరుగు మీద నిలబడి ఐదు సున్నాలు వేశాను. బోనులు పెట్టి పట్టుకుపోయారని ఎవరో అన్నారు. అదీ రాసి ఇచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా పని అనుకున్నాను.

ఐదో రోజు సాయంత్రం నర్సమ్మ గారు మా గదిలోకి వచ్చింది. అమ్మ స్టవ్ దగ్గర ఉంది. ఆవిడ కూర్చోలేదు.

"పిలగా, నిజం చెప్పు. ఆ పేపర్ల ఏం పెట్టి ఇస్తున్నవ్ నా కోడలికి?"

"వార్తలేనండీ."

"వార్తలు సదివి బువ్వ మానేస్తరా ఎవలన్న? నేను సదువుకోలే గాని గుడ్డిదాన్ని గాదు. మొన్నటిదాంక నీ పేపర్ రాంగనే దాని మొఖం ఎలిగేది. ఇప్పుడు పేపర్ సూసి గోడ దిక్కు తిరుగుతున్నది. నిన్న పొద్దుగాల సంది ముద్ద ముట్టలే. డాక్టరమ్మ ఏం చెప్పింది? బరువు పెరగాల్నని చెప్పలే?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "కరపత్రాలా? ఒరేయ్, కొంప ముంచావు కదరా! మీ నాన్న ఉద్యోగం..."

"కరపత్రాలు కాదమ్మా. కోతులు."

ఆ మాట ఆ ఇంట్లో పడనే పడింది. పిడకలా గోడకు అతుక్కుపోతానేమో అనుకున్నాను. నర్సమ్మ గారు నోట్లో ఆకు పక్కకు తోసుకుని, "ఏమైనయ్ అవ్వి?" అంది.

ఆ ప్రశ్నతో నాకు ధైర్యం వచ్చి అంతా చెప్పేశాను. గుట్ట, మార్కెట్, మూడో ఏడు, సగం చెవిది ఇంకా కనలేదని, ఇప్పుడు ఐదు రోజులుగా సున్నా అని. పుస్తకం కూడా తెరిచి చూపించాను.

"సున్నా అంటే?"

"ఒక్కటీ లేదండీ. రోజూ ఒకే వేళకి, ఒకే చోట నిలబడి చూస్తున్నాను. టైము కూడా తప్పలేదు."

"ఆడ ఏమున్నది ఇప్పుడు?"

"ఏమీ లేదండీ, అన్నీ మూసేశారు."

"మరి ఆడ ఏం సూస్తున్నవ్ రా?" నర్సమ్మ గారి గొంతు లేచింది. "అరటిపండు లేదు, గుగ్గిల్లు లేవు. తిండి ఏడుంటే ఆడికి పోతయి. పిల్లల తల్లులు, నీ లెక్క సర్కారు నౌకరీ చేసినట్టు టైముకొచ్చి అరుగు మీద కూసుంటయా? నువ్వు కూసున్న కాడికి అవ్వి రాలేదని అన్నిటిని సంపి రాస్తివి!"

అమ్మకు నవ్వు ఆగలేదు. నాకు చెవులు వేడెక్కాయి. ఆవిడ ఇంకా ఆపలేదు. "మా ఊర్ల కరువొచ్చిన ఏడు ఇరవై ఇండ్ల వాడ మూడు తోవలు పట్టింది. ఒక్క బాయి అందరిని సాకదని. ఎవరూ సావలే, పొయిన్రు గంతే. ఆ మరుసటేడు వాడల ఒక్క ఉయ్యాల కట్టిన ఇల్లు లేదు. తిన తిండి లేకుంటే తల్లుల కడుపులెట్ల నిలుస్తయి?"

నేను నోరు తెరుచుకుని విన్నాను. శకుంతల గారు రెండేళ్ళు తిరిగి రాస్తున్నదంతా ఈవిడ నాలుగు మాటల్లో, వక్క నములుతూ చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టింది. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "బయట గొడవలు పిన్నిగారూ, వీడు నోరు విప్పితే చాలు..." నర్సమ్మ గారు అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నోరు ఇప్పకు పిలగా. ఇప్పితే కోతుల ముచ్చటనే ఇప్పు." ఆ నిషేధ పదాన్ని ఆవిడ నోట మొదటిసారి విన్నాను.

అశోక్‌నగర్ మలుపులోనే దొరికిపోయాను. నా వయసు కుర్రాళ్ళు ఐదారుగురు, నినాదాలు అరిచి గొంతులు పోయినవాళ్ళు, రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. "ఏడికన్నా?" అన్నాడు ఒకడు. "ఇక్కడికేనండీ" అన్నాను. నేను అన్నాక గాని నా 'అండీ' నాకు వినబడలేదు. "అరే, ఆంధ్రా అన్న!" అందరూ లేచారు. "ఈ బంద్ల ఏం పని నీకు?" నాకు ఇంకేమీ తోచక నిజమే చెప్పాను, కోతుల్ని వెతుకుతున్నానని. ఒకడు పుస్తకం లాక్కుని గట్టిగా చదివాడు. "'నాలుగో నంబరు, ఎడమ చెవి సగం లేదు, నిండు చూలాలు.' అరే, కోతులకు హాజరు పట్టీ రాస్తున్నడురా!" ఇంకొకడు పొట్ట పట్టుకున్నాడు. "మనకు కాలేజీల హాజరు బంద్ అయింది, గీయన కోతులకు తీస్తున్నడు. ఆబ్సెంట్ అయితే జుర్మానా ఏస్తవా అన్నా?" నవ్వి నవ్వి రాళ్ళ మీద కూలబడ్డారు. చివరికి అందరికంటే గొంతు పోయినవాడు పుస్తకం తిరిగిచ్చాడు. "నాలా ఒడ్డుకు పో. చింతచెట్ల మీద సూసిన మొన్న. జల్ది పో, పొద్దుగూకినంక రోడ్డు మీద ఉండకు." అతని పేరు నేను అడగలేదు. నా జాబితాల్లో ఈ రోజుకీ వెలితిగా ఉన్న గడి అది.

హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే ఆ నాలా పక్కన అప్పుడు కొత్త ఇళ్ళు కొన్ని, సగం లేచిన గోడలు కొన్ని, మిగతాది ఖాళీ. పని ఆగిపోయిన ఒక ఇంటి ముందు ఇటుకల పొయ్యి మీద గటక కలుపుతూ ఒక మనిషి ఉంది. పాలమూరు నుంచి పనికి వచ్చిందట, పేరు యాదమ్మ. నేను కోతుల మాట ఎత్తానో లేదో గరిటెతో నా వైపు చూపించింది. "నీయేనా అయ్య? అయితే నా చింతపండుకు నువ్వే జవాబు చెప్పాలె. కుండల చెయ్యి పెట్టి ఎత్తుకపాయె, పెదిమ చీలినోడు!"

ఒకటో నంబరు! ఆ ఇటుకల మీద గంతులేసినంత పని చేశాను. యాదమ్మ అంతా చూసింది. పని లేదు గదా, చూడటమే పని. మొదట అన్నీ కలిసి వచ్చాయి. ఉన్నవి నాలుగు చింతచెట్లు. రెండు రోజులు ఒకటే కొట్లాట, కింద ఎవరికీ నిద్ర లేదు. మూడో రోజుకి తునకలైపోయాయి. కొన్ని ట్యాంక్‌బండ్ కింది వైపు పోయాయి, కొన్ని ముషీరాబాద్ దిక్కు. ఇక్కడ ఇవి మిగిలాయి.

"సగం చెవిది ఉందా అమ్మా? ఎడమ చెవి?"

"అదా? నిన్న తెల్లారంగనే కన్నది. నేనే సూసిన. ఒక్క సప్పుడు చెయ్యలే తల్లి. అగో, రెండో కొమ్మ."

తలెత్తాను. ఆకుల మధ్య ఎండ కదులుతోంది. నాలుగో నంబరు నా వైపు చూసి, చూపు తిప్పుకుని, పొట్ట మీద నల్లటి తలను చేత్తో దగ్గరికి అదుముకుంది. సగం చెవి ఎండలో ఎర్రగా మెరిసింది. నాకు లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. యాదమ్మకు రొట్టెలో సగం ఇచ్చి, చింతపండుకు క్షమాపణ చెప్పి, అక్కణ్ణుంచి లోయర్ ట్యాంక్‌బండ్ వైపు వెళ్ళాను. కట్ట కింద నీళ్ళు ఊరే చోట పచ్చగడ్డిలో ఒక గుంపు లేత దుంపలు పెరుక్కుని తింటోంది. మధ్యాహ్నం ముషీరాబాద్‌లో ఒక పాత హవేలీ వెనక జామచెట్ల మీద మూడోది. దారి పొడుగునా ఒక్కణ్ణే మాట్లాడుకుంటూ, వేళ్ళు మడుస్తూ, బహుశా పిచ్చివాడిలా నడిచాను. పద్దెనిమిది, పదకొండు, పద్నాలుగు. మొత్తం నలభై మూడు. నాలుగో నంబరు పిల్లతో కలిపి నలభై ఆరు ఉండాలి. లేని మూడింట్లో రెండు మార్కెట్లో పుట్టిన పిల్లలు. వాటి తల్లులు జామచెట్ల మీద ఉన్నాయి, ఒడిలో ఏమీ లేకుండా.

వాకిట్లో నర్సమ్మ గారు కుళాయి దగ్గర నిలబడి ఉంది, బిందె నిండి పొర్లుతున్నా చూడకుండా. నేను చెప్పిందంతా విని, ఆ రెండు పిల్లల సంగతి దగ్గర కుళాయి కట్టేసింది. "అది రేపు చెప్పు. ఇయ్యాల దొరికినయి చెప్పు" అంది. లెక్కలో ఒక అంకె దాచిపెట్టడం నాకు అదే మొదలు. తనే ముందు నడిచి, గదిలోకి పోయి, మంచం పక్కన నిలబడి, గోడ వైపు తిరిగి ఉన్న కోడలి వీపుతో గట్టిగా చెప్పింది. "కోతులు దొరికినయే పిల్లా! మూడు వాడలైనయంట. నీ సగం చెవిది మంచిగ కన్నదంట. ఇగ లే, బువ్వ తిను."

శకుంతల గారు ముందు అత్తగారి ముఖం చూశారు, తర్వాత నా పుస్తకం. కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ, నోట్లో ముద్దతోనే అడగడం మొదలుపెట్టారు. ఏ గుంపులో ఆడవి ఎన్ని? మగవి ఎటు పోయాయి? ఒకటీ రెండూ కలిసే ఉన్నాయా? ఒక చెట్టు మీద ఎంతసేపు ఉన్నాయి? "మూర్తీ, ఇది గుట్ట లెక్కనే! గుట్ట మీద ఉన్నంతనే ఉన్నయి చూడు ఒక్కో గుంపు. మార్కెట్ మూస్తే మార్కెట్ కోతులు గుట్ట కోతులైనయి. నేను మార్చి చూడలేని దాన్ని ఊరే మార్చి చూపెట్టింది!" నర్సమ్మ గారు మజ్జిగ పోస్తూ, "మెల్లగ తిను, గొంతుకు అడ్డం పడ్తది" అంటోంది. కాసేపటికి ఆమె వేలు కూడికల దగ్గర ఆగింది.  "మూడు తక్కువున్నయి. చిన్నవేనా?" అన్నారు. "రెండు" అన్నాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "రాయి. ఏ తల్లులవో నంబర్లతోని రాయి" అన్నారు. నర్సమ్మ గారు ఏమనుకుందో, కిటికీ దుప్పటి ఒక మూల ముడి విప్పి, గాలి రానిచ్చింది.

అంజని ఆ ఎండాకాలం చివర్లో నిండుగా పుట్టింది. ఆంజనేయుడి తల్లి పేరు పెట్టింది నర్సమ్మ గారే, ఎవరి మాటా వినకుండా. మార్కెట్ తెరిచాక నాలా ఒడ్డు గుంపూ, ట్యాంక్‌బండ్ గుంపూ తిరిగొచ్చాయి. ముషీరాబాద్‌కి పోయినవి అక్కడే ఉండిపోయాయి. ఆ వానాకాలం మార్కెట్లో ఒక్క పిల్లా పుట్టలేదు. మరుసటేడు చాలామంది తల్లుల ఒడి ఒట్టిదే. నర్సమ్మ గారు ఊయల ఊపుతూ నా లెక్క విని, "నేను చెప్పలే?" అనేది. శకుంతల గారి థీసిస్ పూర్తయింది. నా ఐదు సున్నాల గురించి మాత్రం ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆమె గమనించలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆ పుస్తకం సంచీలో వేసుకుని అటు వెళ్ళాను. నారాయణగూడలో ఫ్లైఓవర్ కింద నా సైకిల్ షాపు అరుగు ఎక్కడుండేదో తేల్చుకోలేకపోయాను. అశోక్‌నగర్లో నాలుగడుగులకొక కోచింగ్ సెంటర్, గదికి ఆరు మంచాలు, చెట్టు నీడ కనబడితే చాలు కింద పుస్తకంతో ఒక పిల్లో పిల్లాడో. అన్ని జిల్లాల నుంచీ వచ్చి ఇక్కడ ఒక్కచోట గుంపుగా ఉంటున్నారు, నోటిఫికేషన్లు ఇక్కడే రాలతాయన్నట్టు. మా పక్కింటాయన కొడుకు కూడా ఇక్కడే ఉన్నాడు. ముప్పై దాటాయి, ఉద్యోగం వచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దన్నాడట. శకుంతల గారు ఉంటే ఈ వీధిని ఎలా చదివేవారో అనుకుంటూ నడిచాను. యాదమ్మ పొయ్యి పెట్టుకున్న చోటు అనుకున్న దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. వాచ్‌మన్ని అడిగితే, "కోతులా? ఈడ లేవు సార్" అన్నాడు. అయినా గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. పొద్దున్న తొమ్మిదైంది. ఒక గంట చూద్దామనుకున్నాను. ఏమీ రాలేదు. అప్పుడు గాని పుస్తకంలో ఆ సున్నాల పేజీ తెరవాలనిపించలేదు.

నా ఐదు సున్నాలు అక్కడే ఉన్నాయి, నీలం సిరాతో, గుండ్రంగా, ఎంతో నిశ్చయంగా. ఐదింటి మీదా ఎర్ర పెన్సిల్‌తో ఒకే గీత. పక్కన మార్జిన్లో శకుంతల గారి వాలు అక్షరాలు. "కోతులు లేవని కాదు. పరిశీలకుడు కదలలేదు."

ఎంత గట్టిగా నవ్వానంటే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. నేనూ లేచాను. అపార్ట్‌మెంట్ పక్క సందులోకి మళ్ళి, నీళ్ళ ట్యాంకర్ దాటి, వెనక్కి వెళ్ళాను. రెండు ప్రహరీల మధ్య ఎవరో కొట్టెయ్యడం మర్చిపోయిన ఒక చింతచెట్టు ఉంది. పై కొమ్మ కదిలింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఇవి మా పాతవి కావు, తోకలు పొట్టి, నెత్తిన పాపిట లేదు. ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఆ పాతవి ఎటు పోయాయో అది ఇంకొకరు తిరిగి చూడాల్సిన లెక్క. గోడకు ఆనుకుని, సున్నాల కింద మిగిలిన ఖాళీ గడిలో రాశాను. "ఏడు. ఒకదాని పొట్టకు పిల్ల. చోటు, అరుగు నుంచి నూట అరవై అడుగులు."